చిన్న పత్రిక ఎవరి ఖర్చు మీద?

చిన్న పత్రికకు రాసేవాడికి డబ్బివ్వాలా? ఈ ప్రశ్న అడగటమే మర్యాద కాదని మనలో చాలామంది అభిప్రాయం. వ్యాపార పత్రికలు డబ్బిస్తాయి, ఎందుకంటే అవి రచనను సరుకుగా చూస్తాయి. మనం సరుకు అమ్మటం లేదు, కనక మన దగ్గర డబ్బు ప్రసక్తి రాకూడదు. ఇదీ వాదన. నేను కూడా చాలాకాలం ఈ వాదనే చేశాను. ఎదుటివాడి నోరు మూయించటానికి ఇంతకన్న మంచి సాధనం లేదు. డబ్బు మాట ఎత్తినవాడు ఎత్తిన క్షణంలోనే సాహిత్యాన్ని అమ్ముకునేవాడుగా తేలిపోతాడు.

కాని మన లెక్కల పుస్తకం తీసి చూడండి. కాగితం కొట్టుకు డబ్బిస్తాం. ప్రెస్సుకు ఇస్తాం, ఆలస్యమైతే అప్పుచేసి ఇస్తాం. తపాలా బిళ్ళలు ఎవరూ వూరికే ఇవ్వరు. కట్టలు మోసిన రిక్షా అతను కూడా డబ్బు చేతిలో పడందే కదలడు, కదలనక్కర్లేదు కూడా. రచయితకు మాత్రం ఒక ప్రతి పంపి నమస్కారం పెడతాం. వీళ్ళందరిలోకి ఎవరి శ్రమ లేకపోతే పత్రిక ఉత్త కాగితాల కట్టగా మిగిలిపోతుందో, ఆ మనిషికే ఏమీ లేదు. దీన్ని త్యాగం అంటున్నాం. త్యాగమే కావచ్చు. కాని చేసేది ఎవరు, చేయించేది ఎవరు అనే ప్రశ్న మిగిలే వుంటుంది.

ఈ ప్రశ్నను మన పత్రికల మీదే పెట్టి చర్చిస్తే అది త్వరలో వ్యక్తుల మీదికి పోతుంది. ఫలానా సంపాదకుడు మంచివాడా కాదా అనే దగ్గర ఆగుతుంది. అందుకని మనకు దూరంగా వున్న ఒక చరిత్రను తీసుకుంటాను. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ సైన్సు కథల కోసం పుట్టిన చిన్న పత్రికల చరిత్ర అది. దీన్ని ఎంచుకోవటానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఇందులో పాల్గొన్నవాళ్ళు ఎవరు ఎవరికి ఎన్ని డాలర్లు ఎగవేశారో దాకా రాసిపెట్టుకున్నారు. ఇంత వివరంగా లెక్కలు దొరికే సాహిత్యోద్యమం మరొకటి నా ఎరికలో లేదు. రెండోది, వాళ్ళలో వామపక్షంవాళ్ళున్నారు. వాళ్ళు మన మాటలే మాట్లాడారు. మన తప్పులే చేశారు.

1926 ఏప్రిల్‌లో న్యూయార్కులో హ్యూగో గెర్న్స్‌బాక్ అనే వ్యాపారి అమేజింగ్ స్టోరీస్ పత్రిక మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో పూర్తిగా సైన్సు కథలకే కేటాయించిన మొదటి పత్రిక అది. అందులో పాఠకుల ఉత్తరాలతోపాటు వాళ్ళ చిరునామాలు కూడా అచ్చయ్యేవి. దాంతో వేర్వేరు వూళ్ళలో ఒంటరిగా కూచుని చదువుకుంటున్న కుర్రవాళ్ళు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు, సంఘాలు పెట్టుకున్నారు. 1930 మేలో అలాంటి ఒక సంఘం ది కామెట్ అనే పత్రిక తెచ్చింది. దానికి సంపాదకుడు రేమండ్ పామర్. సైన్సు కథల అభిమానులు తెచ్చిన మొదటి పత్రికగా దీన్నే చెబుతారు. తర్వాత పదేళ్ళలో ఇటువంటివి ఎన్నో వచ్చాయి. 1940లో రస్ షోవెనే అనే అభిమాని వీటికి ఫాన్‌జీన్ అని పేరు పెట్టాడు. అభిమానుల పత్రిక అని దాని అర్థం.

అవి ఆర్థిక మాంద్యం రోజులు. ఈ పత్రికలు తెచ్చినవాళ్ళలో చాలామంది ఇంకా బడి దాటనివాళ్ళు. క్లీవ్‌లండ్‌లో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు హైస్కూలు కుర్రవాళ్ళు 1932లో సైక్లోస్టైల్ యంత్రం మీద ఒక పత్రిక తీశారు. దాని పేరు సైన్స్ ఫిక్షన్. 1933 జనవరి సంచికలో వాళ్ళు సూపర్‌మాన్ అనే పేరుతో ఒక పాత్రను మొదటిసారి వేశారు. ఆ పత్రిక అయిదు సంచికలతో ఆగిపోయింది. అదే పేరుతో వాళ్ళు తయారుచేసిన మరో పాత్రను 1938లో వ్యాపార సంస్థ 130 డాలర్లకు కొనేసింది. తర్వాత అది సంపాదించిన కోట్లలో పాత్రను పుట్టించినవాళ్ళకు పోరాటం తప్ప మరేమీ మిగల్లేదు. 1975లో పత్రికలన్నీ గొడవ చేశాక సంవత్సరానికి తలా 20,000 డాలర్లు ఇస్తామన్నారు. సైక్లోస్టైల్ పత్రిక ఆ కుర్రవాళ్ళకు చిల్లిగవ్వ ఇవ్వలేదు. వ్యాపార పత్రిక 130 డాలర్లు ఇచ్చింది. ఏది వాళ్ళను దోచుకుంది? డబ్బు ఇచ్చినవాడు దోచుకోలేదనీ ఇవ్వనివాడు దోచుకున్నాడనీ చెప్పటానికి వీల్లేదని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మరో మనిషిని చూద్దాం. పెన్సిల్వేనియాలో ఎవరెట్ అనే చిన్న వూళ్ళో విలియం క్రాఫర్డ్ అనే యువకుడు 1934లో మార్వెల్ టేల్స్ పత్రిక మొదలుపెట్టాడు. అతని దగ్గర డబ్బు లేదు. రచయితలకు ఏమీ ఇవ్వలేకపోయాడు. అయినా పేరున్న హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ అతనికి కథ వూరికే ఇచ్చాడు. మార్వెల్ టేల్స్ అయిదు సంచికలకు మించి నడవలేదు. 1936లో క్రాఫర్డ్ లవ్‌క్రాఫ్ట్ రాసిన ది షాడో ఓవర్ ఇన్స్‌మత్ కథను పుస్తకంగా తెచ్చాడు. నాలుగు వందల ప్రతులు అచ్చువేసి, రెండు వందలకు మాత్రమే బైండింగు చేయించగలిగాడు. అచ్చుతప్పులు ఎన్నంటే తప్పొప్పుల పట్టిక విడిగా వెయ్యవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం, 1937లో, లవ్‌క్రాఫ్ట్ చనిపోయాడు. అతను బతికి వుండగా పుస్తకంగా వచ్చిన కథ అదొక్కటే.

క్రాఫర్డ్ లవ్‌క్రాఫ్ట్‌ను దోచుకున్నాడా? లేదంటాను. ఇద్దరూ నష్టపోయారు, ఒకరి నష్టం మరొకరి లాభంగా మారలేదు. అంటే ఉచిత శ్రమకు ఒక న్యాయమైన రూపం వుంది. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే పడవలో వుండి, పడవ మునిగితే ఇద్దరూ మునిగేటట్టయితే, దాన్ని దోపిడీ అనటానికి వీల్లేదు.

ఇక దోపిడీ అనదగ్గదాన్ని చూద్దాం. గెర్న్స్‌బాక్ 1929లో అమేజింగ్ పోగొట్టుకుని మరో పత్రిక పెట్టాడు. అది వండర్ స్టోరీస్‌గా మారింది. 1934 జనవరి సంచికలో డోనాల్డ్ వోల్‌హైమ్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రవాడి మొదటి కథ వేసుకున్నాడు, డబ్బు ఇవ్వలేదు. వోల్‌హైమ్ విచారిస్తే ఇలా బాకీపడ్డ రచయితలు ఇంకా కొందరున్నారని తేలింది. వాళ్ళను కూడగట్టి లాయరును పెట్టాడు. చివరికి 75 డాలర్లకు రాజీ కుదిరింది. అందుకు ప్రతిఫలంగా, గెర్న్స్‌బాక్ పాఠకుల కోసం పెట్టిన సంఘం నుంచి వోల్‌హైమ్‌ను వెళ్ళగొట్టారు. పాఠకుల సంఘం పాఠకులది కాదనీ, పత్రిక యజమానిదనీ అప్పుడు తెలిసింది. ఇది మనకు కొత్తేమీ కాదు. బాకీ అడిగినవాణ్ణి సంఘద్రోహిగా నిలబెట్టటం ప్రతి యజమానికీ తెలిసిన విద్య.

ఈ వోల్‌హైమ్ తర్వాత వామపక్షం వైపు వచ్చాడు. 1937లో ఒక చిత్రమైన సంస్థను స్థాపించాడు. దానిలో ప్రతి సభ్యుడూ తన పత్రికను తానే రాసి, తానే అచ్చువేసి, సభ్యులందరికీ సరిపడా ప్రతులను ఒకరికి పంపుతాడు. ఆయన అన్నిటినీ కలిపి కట్టలుగా కట్టి, మూడు నెలలకొకసారి అందరికీ తిరిగి పంపుతాడు. రచయితా అతనే, కంపోజిటరూ అతనే, పాఠకుడూ అతనే. అందులో పారితోషికం అనే మాటకు అర్థమే లేదు, ఎవరు ఎవరికివ్వాలి? నాకు తెలిసినంతలో ఉచిత శ్రమకు ఇంతకన్న నిష్కళంకమైన రూపం లేదు. అయితే దానికొక హద్దు వుంది. నలభై యాభై మంది ఒకరికొకరు రాసుకోవటం సాధ్యమే. నలభై యాభై మంది దాటి జనంలోకి పోవాలంటే అది పనికిరాదు. సాహిత్యం జనంలోకి పోవాలని కోరేవాళ్ళు ఏదో ఒక రోజు వేరే దారి పట్టక తప్పదు.

వోల్‌హైమ్ మిత్రుడు జాన్ మిచెల్ కోరిందీ అదే. 1937 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో జరిగిన అభిమానుల సభలో అతని ఉపన్యాసాన్ని వోల్‌హైమ్ చదివాడు. ఫాసిజం ముంచుకొస్తున్నప్పుడు సైన్సు కథల అభిమానులు రాకెట్ల గురించి కబుర్లు చెప్పుకుంటూ కూచోరాదనీ, శాస్త్రీయమైన, సోషలిస్టు సమాజం కోసం నిలబడాలనీ దాని సారాంశం. తీర్మానానికి అనుకూలంగా ఎనిమిది, వ్యతిరేకంగా పన్నెండు ఓట్లు వచ్చాయి. ఓడిపోయింది. ఈ బృందం తర్వాత ఫ్యూచరియన్లు అనే పేరుతో న్యూయార్కులో నిలదొక్కుకుంది.

1939 జులై 2న న్యూయార్కులో మొదటి ప్రపంచ సైన్సు కథల మహాసభ జరిగింది. దాన్ని నడిపినవాళ్ళు వాకిట్లోనే ఆరుగురు ఫ్యూచరియన్లను ఆపేశారు. వాళ్ళలో వోల్‌హైమ్, మిచెల్, ఫ్రెడరిక్ పోల్, సిరిల్ కార్న్‌బ్లూత్ వున్నారు. గలాటా చేస్తారని అనుమానం. దీన్ని కేవలం వామపక్షం మీద కక్షగా చూపటం తేలిక. నేను ఇందులో మరొకటి కూడా చూస్తున్నాను. ఆ సభను నడిపినవాళ్ళకు ఎవరూ జీతం ఇవ్వలేదు. నెలల తరబడి ఉచితంగా పనిచేశారు. అంత పని చేసినందువల్ల అది తమ సొత్తు అనుకున్నారు. డబ్బు తీసుకోనివాడు ఏమీ తీసుకోవటం లేదనుకోవటం పొరపాటు. చాలాసార్లు అతను అధికారం తీసుకుంటాడు. ఎవణ్ణి లోపలికి రానివ్వాలి, ఎవణ్ణి ఆపాలి అనేది అతని పారితోషికం అవుతుంది. డబ్బుకు రసీదు వుంటుంది. దీనికి రసీదు కూడా వుండదు.

రెండేళ్ళు గడిచాయి. 1941లో వోల్‌హైమ్‌కే సంపాదకుడయ్యే అవకాశం వచ్చింది. ఒక చిన్న ప్రచురణకర్త కాస్మిక్ స్టోరీస్, స్టిరింగ్ సైన్స్ స్టోరీస్ అనే రెండు పత్రికలు తెస్తానన్నాడు. అయితే ఆయన దగ్గర కథలకివ్వటానికి డబ్బు లేదు. పత్రికలు నిలదొక్కుకుంటే తర్వాత చూద్దామన్నాడు. ఏడేళ్ళ కిందట తన కథకు డబ్బు రాలేదని లాయరును పెట్టిన వోల్‌హైమ్ ఇప్పుడు మిత్రులను కథలు వూరికే ఇమ్మని అడిగాడు. ఫ్యూచరియన్లు ఇచ్చారు. పదిహేడేళ్ళ కార్న్‌బ్లూత్ రకరకాల మారుపేర్లతో సంచికలు నింపాడు. ఐజాక్ అసిమోవ్ కూడా ఒక కథ ఇచ్చాడు. అప్పుడు పారితోషికం ఇచ్చే మరో పత్రిక సంపాదకుడు ఎఫ్. ఆర్లిన్ ట్రెమెయిన్ అసిమోవ్‌తో, ఇలా వూరికే కథలిచ్చేవాళ్ళు డబ్బిచ్చే పత్రికల పొట్ట కొడుతున్నారనీ, వాళ్ళ రచనలు ఎవరూ వేసుకోకూడదనీ అన్నాడు. అసిమోవ్ భయపడి, పేరుకైనా అయిదు డాలర్లు ఇమ్మని వోల్‌హైమ్‌కు రాశాడు. వోల్‌హైమ్ పంపాడు. కాని వూరికే పంపలేదు. కథకు విలువ లేదు, నీ పేరుకే ఈ డబ్బు, పేరులో రెండు మాటలున్నాయి కనక మాటకు రెండున్నర డాలర్లు పడింది, ఇంత ధర ఎవరికీ రాదు అని దెప్పి మరీ పంపాడు. రెండు పత్రికలూ ఏడాది పైచిలుకులో మూతపడ్డాయి.

ఈ సంఘటన మీద నేను చాలాసార్లు ఆలోచించాను. అసిమోవ్ పిరికివాడని ఒకరు అనవచ్చు. ట్రెమెయిన్ తన పత్రిక కోసమే మాట్లాడాడని మరొకరు అనవచ్చు. రెండూ నిజం కావచ్చు. కాని ట్రెమెయిన్ మాటలో కార్మిక సంఘాలవాళ్ళు ఎవరైనా వెంటనే గుర్తుపట్టే సత్యం వుంది. తక్కువ కూలికి ఒప్పుకున్నవాడు తన కూలిని మాత్రమే తగ్గించుకోవటం లేదు, పక్కవాడి కూలిని కూడా తగ్గిస్తున్నాడు. ఫ్యాక్టరీలో ఈ సంగతి మనం పాఠంగా చెబుతాం. సాహిత్యం దగ్గరికి వచ్చేసరికి అదే పనిని త్యాగం అని మెచ్చుకుంటాం. ఈ వైరుధ్యాన్ని ఎలా సమర్థించుకుంటామో నాకు తెలీదు.

వోల్‌హైమ్ కపటి అని తేల్చేస్తే కథ ముగుస్తుంది. అలా తేల్చటం నాకు ఇష్టం లేదు. అతను 1934లో ఎంత నిజాయితీగా బాకీ అడిగాడో, 1941లో అంతే నిజాయితీగా మిత్రులను అడిగివుంటాడు. మారింది అతని స్వభావం కాదు, అతను కూచున్న కుర్చీ. 1965లో అతను ఏస్ బుక్స్ సంస్థకు సంపాదకుడు. అమెరికా కాపీరైటు చట్టంలో వున్న సందు చూసుకుని, టోల్కీన్ రాసిన ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌ను రచయిత అనుమతి లేకుండా, డబ్బివ్వకుండా ఆ సంస్థ చౌక పుస్తకాలుగా వేసింది. రచయితా పాఠకులూ గొడవపెట్టాక డబ్బివ్వటానికి ఒప్పుకుంది. మనిషి ఆలోచన అతని సాంఘిక స్థానాన్ని బట్టి వుంటుందని మనం ఇతరుల గురించి చెబుతూ వుంటాం. సంపాదకుడి బల్ల కూడా ఒక సాంఘిక స్థానమే. అక్కడ కూచున్నవాడు ఏ సిద్ధాంతం నమ్మినా, అటువైపు నుంచి చూస్తే రచయిత శ్రమ ఖర్చుగానే కనిపిస్తుంది. ఆ సంగతి తెలిసి జాగ్రత్తపడటం ఒక్కటే మన చేతిలో వుంది.

ఇంగ్లండులో ఇందుకు భిన్నమైన దారి తొక్కారు. 1936లో నునీటన్ అనే వూళ్ళో కుర్రవాళ్ళు మొదలుపెట్టిన నోవే తెరే అనే పత్రిక 1939లో జాన్ కార్నెల్ చేతికి వచ్చి న్యూ వరల్డ్స్ అయింది. యుద్ధం తర్వాత 1946లో ఒక ప్రచురణకర్త దాన్ని తీసుకున్నాడు. మూడు సంచికలకే దివాలా తీశాడు. అప్పుడు లండన్‌లో వారం వారం కలుసుకునే అభిమానులు తలా కొంత వేసుకుని, వాటాలతో ఒక కంపెనీ పెట్టి, 1949లో తమ పత్రికను తామే మళ్ళీ తెచ్చుకున్నారు. పాఠకుడే యజమాని అయ్యాడు. అది పూర్తి సహకార సంఘం కాకపోయినా ఆ దిశగా ఒక అడుగు. ఆ అడుగు ఎక్కువ కాలం నిలవలేదు, 1954 నాటికి పెద్ద సంస్థ చేతికి పోయింది. కాని ఈ పత్రిక అసలు పరీక్ష తర్వాత వచ్చింది.

1964లో సంపాదకుడైన మైకేల్ మూర్‌కాక్ సైన్సు కథల రూపాన్నే మార్చాడు. 1967లో బ్రయన్ ఆల్డిస్ పూనుకుని ప్రభుత్వ కళా సంస్థ నుంచి సంచికకు 150 పౌన్ల సహాయం ఇప్పించాడు. నార్మన్ స్పిన్‌రాడ్ నవల బగ్ జాక్ బారన్ సీరియల్‌గా వస్తుండగా, 1968లో డబ్ల్యు.హెచ్. స్మిత్ అనే పెద్ద దుకాణాల సంస్థ అందులో బూతు వుందని పత్రికను అమ్మటం మానేసింది. ఇటువంటి పత్రికకు ప్రజల సొమ్ము ఎందుకిస్తున్నారని పార్లమెంటులో ప్రశ్న వచ్చింది. పత్రిక నిషేధింపబడలేదు. ఏ పోలీసూ రాలేదు. అమ్మే బల్ల మీద నుంచి తీసేశారు, అంతే. మూర్‌కాక్ కత్తియుద్ధాల నవలలు రోజుల వ్యవధిలో రాసి, ఆ డబ్బు తెచ్చి పత్రికలో పోశాడు. 1970లో పత్రిక దుకాణాల నుంచి పూర్తిగా తప్పుకుంది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. పత్రిక భారం సంపాదకుడు తన మీద వేసుకున్నాడు. రచయితలకు ఎగవేసి నడపటానికి బదులు తన చెమటను అమ్మి నడపటానికి ప్రయత్నించాడు. ఇది ఎల్లకాలం సాగే పద్ధతి కాదు; ఒక మనిషి ఎంతకాలం రాయగలడు? అయినా భారం ఎవరి మీద పడాలి అనే ప్రశ్నకు అతని సమాధానం సరయిన దిశలో వుందని నేను అనుకుంటాను.

ఆ సమాధానాన్ని ఒక పద్ధతిగా మార్చినవాళ్ళు తర్వాత వచ్చారు. 2000లో మేరీ ఆన్ మోహన్‌రాజ్ స్థాపించిన స్ట్రేంజ్ హొరైజన్స్ పత్రికలో సంపాదకులందరూ ఉచితంగా పనిచేస్తారు. పత్రికను ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. పాఠకులు ఇచ్చిన విరాళాలతో రచయితలకు మాత్రం మాట చొప్పున లెక్కగట్టి డబ్బిస్తారు. మన పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు. నిర్ణయించే అధికారం ఎవరికి వుందో వాళ్ళే ఉచిత శ్రమ చేస్తారు. తలుపు తట్టి వచ్చినవాడికి మాత్రం కూలి దక్కుతుంది. ఇది సాధ్యం కాదని నేను ఇరవై ఏళ్ళు వాదించాను. సాధ్యమేనని తెలిసినప్పుడు సంతోషం కలగలేదు, సిగ్గు కలిగింది.

ఇందులోనూ లోటు లేకపోలేదు. ఉచితంగా సంపాదకత్వం చెయ్యాలంటే తిండికి వేరే ఏర్పాటు వుండాలి. అంటే తీరిక వున్న వర్గమే సంపాదకవర్గం అవుతుంది. దీనికి తోడు కొత్త ఆపదలు వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో నీల్ క్లార్క్ నడిపే క్లార్క్స్‌వరల్డ్ పత్రికకు యంత్రాలచేత రాయించిన కథలు ఒక్క నెలలో అయిదు వందలకు పైగా వచ్చిపడ్డాయి. మనుషుల కథలు వాటిలో మునిగిపోతుంటే, ఆయన కొద్దివారాలపాటు కథలు తీసుకోవటమే ఆపవలసి వచ్చింది. ఆ పత్రిక రచయితలకు డబ్బిస్తుంది కనకనే ఈ దండు దిగింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెజాన్ సంస్థ తన కిండిల్ మీద పత్రికల చందాలు తీసుకోవటం మానేసింది. ఆ చందాల మీద ఆధారపడ్డ చిన్న పత్రికలకు ఒక్కసారిగా రాబడి పడిపోయింది. 1968లో అమ్మే బల్ల ఒక సంస్థది, 2023లో మరో సంస్థది. పాఠకుడికీ పత్రికకూ మధ్య నిలబడ్డవాడికి పత్రికమీద ద్వేషం కూడా అక్కర్లేదు. తన లాభం లెక్క మారితే చాలు.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పాను. నా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి నైతిక హక్కు వుండదు. 1990లలో నేనూ, మరో ముగ్గురు ఉపాధ్యాయులమూ కలిసి ఒక చిన్న పత్రిక నడిపాం. మా నలుగురికీ నెలకు జీతం వచ్చేది. మాకు ప్రూఫులు దిద్దటానికి ఒక విద్యార్థి వచ్చేవాడు. తెలివైనవాడు. మా వ్యాసాల్లో అచ్చుతప్పులే కాదు, ఆలోచనలో తప్పులు కూడా పట్టేవాడు. రెండేళ్ళు పనిచేశాడు. డబ్బు సంగతి అతను అడగలేదు, మేం ఎత్తలేదు. అతను మాతోపాటు ఉద్యమంలో వున్నాడనుకున్నాం. ఒకరోజు నుంచి రావటం మానేశాడు. కుర్రవాడికి నిబద్ధత సన్నగిల్లిందని మేం నలుగురం కూచుని తీర్మానించుకున్నాం. ఈ మాట ముందుగా అన్నది నేనే.

చాలా ఏళ్ళ తర్వాత అతను ఒక పెళ్ళిలో కనిపించాడు. "ఎందుకు మానేశావు?" అని అడిగాను. అతను నవ్వి, "బస్సుకు డబ్బుల్లేక మాస్టారూ," అన్నాడు. మూడు ఇళ్ళలో పిల్లలకు పాఠాలు చెప్పి చదువుకుంటున్నాడట. వారానికి రెండుసార్లు ప్రెస్సుకు వచ్చిపోవటానికి ఆ డబ్బులోంచి టిక్కెట్టు కొనుక్కునేవాడట. ఒక ఇంటివాళ్ళు మాన్పించేసరికి అది కుదరలేదు. "చెప్పలేకపోయావా?" అన్నాను. "డబ్బు గురించి మీరు రాసిన సంపాదకీయానికి ప్రూఫు దిద్దింది నేనే కదండీ," అన్నాడు. అందులో కోపమేమీ లేదు. దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఇప్పటికీ లేదు.

జీతం తీసుకునే నేను ఉచితంగా పనిచెయ్యటం త్యాగం కాదు, తీరిక. అతను చేసింది త్యాగం. మా పత్రిక మా నలుగురి ఆదర్శం మీద నడిచిందని మేం అనుకున్నాం. అది కొంతవరకు ఆ కుర్రవాడి బస్సు టిక్కెట్ల మీద నడిచింది. క్రాఫర్డ్, లవ్‌క్రాఫ్ట్ ఒక పడవలో వున్నారని పైన చెప్పాను. మేమూ అతనూ ఒక పడవలో లేం. అతని దగ్గర ఓటు లేదు, లెక్కల పుస్తకం అతనికి మేం చూపించలేదు. సంచికలో ఏం వెయ్యాలో అతన్ని అడగలేదు. తప్పు డబ్బు ఇవ్వకపోవటంలోనే వుందని నేననటం లేదు. నిర్ణయంలో పాలు ఇవ్వకుండా, లెక్క చూపకుండా, అడిగే వీలు కూడా లేకుండా చేసి శ్రమ తీసుకోవటంలో వుంది. ఆ మూడూ వుండివుంటే, డబ్బు లేకపోయినా, అతను మొదటి నెలలోనే బస్సు సంగతి చెప్పివుండేవాడు.

చిన్న పత్రికకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. ప్రెస్సుకు ఎక్కడినుంచి వస్తున్నదో అక్కడినుంచే రావాలని నా జవాబు. ప్రెస్సు బిల్లు కట్టలేకపోతే సంచిక ఆలస్యం చేస్తాం, పేజీలు తగ్గిస్తాం, చందాదారుల ఇళ్ళకు తిరుగుతాం. రచయితకు ఇవ్వలేకపోతే మాత్రం ఏమీ చెయ్యం. అంటే డబ్బు లేక కాదు, ఆ బాకీని బాకీగా లెక్కపెట్టక. మొత్తం ఎంత చిన్నదైనా ఫరవాలేదు, అది లెక్కల పుస్తకంలో ఒక పద్దుగా వుండాలి. ఆ పుస్తకం ఏడాదికొకసారి పత్రికలోనే అచ్చుకావాలి.

అవసరం వున్నవాళ్ళకు మాత్రం ఇస్తే చాలదా అని ఒక మిత్రుడు అన్నాడు. చాలదు. నీకు అవసరమా అని అడిగించుకున్నవాడు అక్కడే చిన్నబోతాడు. అవసరం లేదని అబద్ధం చెబుతాడు, నా విద్యార్థిలాగా. అందరికీ ఇవ్వాలి. నాబోటి జీతగాళ్ళూ పింఛనుదార్లూ దాన్ని అందుకుని, చందాగా తిరిగి కట్టవచ్చు. చివరికి డబ్బు పత్రిక దగ్గరే వుంటుంది కదా, తేడా ఏమిటంటారేమో. చాలా వుంది. అప్పుడు ఇవ్వటం అనేది నా చేతి పని అవుతుంది. తనది కానిదాన్ని ఎవడూ దానం చెయ్యలేడు. రచయిత శ్రమ రచయితదని ముందు ఒప్పుకుంటేనే అతను దాన్ని మనకు వూరికే ఇచ్చాడని చెప్పుకునే అర్హత మనకు వస్తుంది.

ఈ వ్యాసానికి నాకు డబ్బు రాదు. నాకు పింఛను వస్తుంది కనక ఇబ్బంది లేదు. కాని దీని ప్రూఫులు ఎవరు దిద్దుతున్నారో, వాళ్ళు ప్రెస్సుకు ఎలా వచ్చి పోతున్నారో సంపాదకవర్గం ఒకసారి అడగాలని కోరుతున్నాను. ఆ మనిషి ఈ వాక్యాన్ని కూడా దిద్దవలసి వుంటుంది కనక, వాళ్ళనే నేరుగా కోరుతున్నాను: మీరు అడగండి.